చెయ్యెత్తినవాళ్ళు

ప్రత్తిపాడు పక్క ఊరు, గుంటూరు జిల్లా
ఫిబ్రవరి 9

ఉజ్మక్కా,

మా నాన్నకు కల్లం లేకుండా చేశారు. చేసినవాడు ఆదెయ్య. ఈ రెండు ముక్కలూ ముందు చదువుకో, మిగతాది తీరిగ్గా చదువు.

ఫోన్లో నేను అరుస్తానని, డ్యూటీ దిగి వచ్చాక ఆ అరుపులు వినే ఓపిక నీకుండదని, ఏదైనా ఉంటే రాసి ఫొటో తీసి పంపమని అన్నావు. రాస్తున్నాను. కాగితం మీద అరవడం కూడా నాకు వచ్చు.

కాలవ గట్టు అవతల మిరపకాయలు ఆరబోసుకునే కల్లం నీకు గుర్తుందిగా. ఊరుమ్మడి మెట్ట అది. ఎవడి తాత సొత్తూ కాదు. అందులో తూర్పు మూల తాత కాలం నుంచీ మనది. కోతలు మొదలయ్యాక మా నాన్న అక్కడే మంచం వేసుకుని, తన కాయలతో పాటు ఊరందరి కాయలకీ కాపలా ఉండేవాడు. మొన్న శుక్రవారం పాలకేంద్రం ముందు మీటింగ్ పెట్టారు. ఆదెయ్య లేచి, "ఈ ఏడు నుంచి కల్లం పొలం ఉన్నవాళ్ళకే. కౌలుకి చేసేవాళ్ళు వాళ్ళ ఏర్పాటు వాళ్ళు చూసుకోవాలి. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

ఊళ్ళో కౌలుకి చేసేది ఎవరక్కా? మన వీధి వాళ్ళం. పేరు చెప్పకుండా పేరు పెట్టి కొట్టడమంటే ఇదే. "మరి బుల్లయ్యదీ కౌలేగా?" అని నేను లేచి అడిగితే, "వాడి సంగతి వేరు, వాడికి మామగారి పొలం ఉంది" అన్నారు. మామగారి పొలం దర్శి అవతల ఉంది. అక్కడి పొలానికి ఇక్కడ కల్లం ఇస్తారు, ఇక్కడి చెమటకి ఇవ్వరు.

చేతులు లేచాయి. నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న యలమంద చెయ్యి లేచింది. నిన్ను ఫిజియోథెరపీ కాలేజీలో చేర్చడానికి గుంటూరు బస్సులో నీ పక్కన కూర్చుని వచ్చిన వెంకటేశ్వరమ్మ పెద్దమ్మ చెయ్యి లేచింది. ఆదెయ్య చెప్తే పెళ్ళామూ ఎత్తాలి, కొడుకూ ఎత్తాలి. మా నాన్న నేరుగా కల్లానికి వెళ్ళాడు. టార్పాలిన్ పట్టాలు మడిచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

నేను ఊరుకోను. కరపత్రం వేస్తాను. చెయ్యెత్తిన ప్రతివాడి పేరూ అచ్చులో ఉంటుంది. వీళ్ళ మనవలు చదివి సిగ్గుపడాలి.

ఇక నీ సంగతి. పోయిన నవంబరులో మీ అమెరికాలో ఓట్లు పడ్డప్పుడు నువ్వే చెప్పావు, మీ ఊళ్ళో పదిమందిలో ఎనిమిదిమంది పరాయివాళ్ళని పంపించేస్తామన్న వాళ్ళకే ఓటేశారని. అదే నోటితో "వీళ్ళు మంచివాళ్ళురా" అన్నావు. ఆ మంచివాళ్ళ మోకాళ్ళే రోజూ సరిచేస్తున్నావు. మంచివాళ్ళు చెయ్యెలా ఎత్తుతారో కాస్త నాకు అర్థమయ్యేట్టు చెప్పు.

నీ తమ్ముడు
అస్లాం

*

లబ్బక్ దగ్గరి ఊరు, టెక్సాస్
ఫిబ్రవరి 16

ఒరేయ్ అస్లాం,

నాలుగు పేజీల ఉత్తరంలో అన్నీ రాశావు. కాయలు ఇప్పుడెక్కడున్నాయో రాయలేదు. మొదటి కోత అయిపోయి ఉంటుందిగా? చిన్నాన్న ఎక్కడ పోశాడు? రాశి వేసి ఉంచితే లోపల వేడెక్కి కాయ తెల్లబడుతుందని నీకు నేను చెప్పాలా? ముందు అది రాయి.

ఇంకోటి. "ఆదెయ్య" అని రాశావు. ఆ పక్కన ఉండాల్సిన పెదనాన్న ఎక్కడ రాలిపోయాడురా?

నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఒక మనిషి ఉన్నాడు. పేరు వెండెల్, డెబ్బై నాలుగేళ్ళు, పత్తి రైతు. మోకాలు మార్చారు. వారానికి మూడుసార్లు నా దగ్గరికి వస్తాడు. ఇంటి ముందు గేటుకి ఆ పార్టీ బోర్డు ఇంకా ఉంది, ఎన్నికలైపోయి ఇన్నాళ్ళయినా తియ్యలేదు. మొదటి రోజు నా మెడలో కార్డు మీద పేరు చూసి, నా మొహం చూసి, "ఇంకెవరన్నా లేరా?" అని రిసెప్షన్ అమ్మాయిని అడిగాడు. లేరు. ఈ చుట్టుపక్కల ఈ పని చేసేది నేనొక్కదాన్నే. అందుకని నాకే కాలు ఇచ్చాడు.

కాలు నొప్పి పెడుతుంటే మనిషి మాట్లాడతాడు, అది మా పనిలో మామూలే. మా తాత బొంతకీ దిండుకీ పత్తి ఏకేవాడని ఒకరోజు చెప్పాను. విల్లు ఎలా కొట్టేవాడో చేత్తో చూపించాను. వాళ్ళ నాన్న భుజానికి గోతం కట్టుకుని చేత్తో పత్తి తీసేవాడట, ఆయన నాకది చూపించాడు. ఇప్పుడక్కడ ఒకే యంత్రం, లోపల ఏసీలో ఒకే మనిషి, నేల అంచు దాకా ఇంకో మనిషి కనపడడు. మన చేలల్లో పత్తి తీసేటప్పుడు ఆ గోల, ఆ తిట్లు, ఆ పాటలు గుర్తొచ్చాయి నాకు. ఊళ్ళో జిన్నింగ్ మిల్లు మూసేశారు, బడి తీసుకెళ్ళి పక్క ఊరి బడిలో కలిపారు. మూసేసిన మిల్లు ఆఫీసులో రోజూ పొద్దున ముసలాళ్ళందరూ కాఫీకి కూర్చుంటారు. మిల్లు లేదు, కాఫీ ఉంది.

ఎందుకు వాళ్ళకు ఓటేశావని అడిగేశాను. కోప్పడతాడనుకున్నా. "మా నాన్నా వాళ్ళకే వేసేవాడు. పైగా టీవీలో మమ్మల్ని చూసి నవ్వుతారమ్మా. మా మాటని, మా టోపీని, మా చర్చిని చూసి నవ్వుతారు. వీళ్ళు నవ్వరు" అన్నాడు.

ఇది సమాధానం కాదని తెలుసు. కానీ నువ్వు చదివే ఆ పది రూపాయల ఉద్యమం పుస్తకాల్లో ఈ మాట ఉండదు, అందుకని రాశాను. పేర్లు అచ్చు వెయ్యకు. వెళ్ళి అడుగు.

అక్క
ఉజ్మా

*

ప్రత్తిపాడు పక్క ఊరు
ఫిబ్రవరి 26

అక్కా,

కాయలెక్కడున్నాయో చెప్తా విను. సగం డాబా మీద, సగం తారు రోడ్డు అంచున. డాబా మీద కుప్పగా పోయాల్సి వచ్చింది, పలచగా పరిచే చోటు లేదు. రోడ్డు మీద పోస్తే లారీలు తొక్కుతున్నాయి. పోలీసులొచ్చి తియ్యమంటే తీశాం, వాళ్ళు పోయాక మళ్ళీ పోశాం. మొదటి కోతలో సగం తెల్లబడి తాలు అయింది. నాన్న రోజూ కుప్పలో మోచేయి దాకా చెయ్యి పెట్టి వేడి చూస్తాడు, చూసి ఏం చెప్పడు. రెండో కోత వారంలో మొదలు. ఈ కోతలే పోతే వచ్చే ఏడు కౌలు కాగితం మీద మా నాన్న వేలు పడదు. ఇప్పుడు తెలిసిందా నేనెందుకు అరుస్తున్నానో?

వెళ్ళి అడుగు అన్నావు. అడిగాను.

టీ కొట్టు దగ్గర యలమంద ఉన్నాడు. "ఏరా, చూడనట్టు పోతన్నావ్?" అన్నాడు.

"చెయ్యెత్తినోళ్ళతో నాకేం మాటల్రా."

"మా నాన్న పక్కన కూర్చుని ఎత్తకపోతే సాయంత్రం కూడు పెడతాడంట్రా? చెయ్యే కదరా, తలకాయేం ఇవ్వలేదుగా."

"ఆ చెయ్యే మా నాన్న నోటికాడ కూడు లాగింది."

"అబ్బో, పుస్తకం మాట్లాడతంది రోయ్! సుభానీ మావా, ఈడికో స్ట్రాంగ్ టీ కొట్టు, వేడి తగ్గుద్ది."

నేను తాగలేదు. సుభానీ మామ కూడా నా వంక చూడలేదు. ఆయన టీ ఊరందరూ తాగాలి కదా, పాపం.

అక్కణ్ణుంచి ఆదెయ్య ఇంటికే వెళ్ళాను. ట్రాక్టరు టైరుకి ఆనుకుని కూర్చున్నాడు. "రా రా, కూర్చో. మీ నాన్నకి కోపమొచ్చిందా? బాషాని కాదురా నేనన్నది. వాడు నాకు తమ్ముడు. మీవాళ్ళలో కొందరున్నారు చూడు..." అన్నాడు.

"కొందరంటే ఎవరో పేరు చెప్పండి."

"పేర్లెందుకురా? ఫోన్లో వచ్చిందిగా, నీళ్ళు చల్లి కాయ బరువు పెంచుతున్నారని."

"ఆ ఫోన్లో ఉన్నది ఏ ఊరు?"

"ఏదో ఊరు."

"మనూరు కాదుగా?"

టైరు మీది మట్టి గోటితో గీకుతూ చెప్పాడు. "పోయినేడు గుంటూరు మిర్చి యార్డులో నా కాయ నలిపి చూసి, తడి కాయండీ అని పక్కన పెట్టించాడు ఆ బేరగాడు. మీ ఊరి సరుకు ఇంతేనండీ అన్నాడు. అంతమందిలో నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక ఎవడూ అనని మాట పడ్డాను. కల్లం మీద ఎవడి కాయ ఎవడి కాయలో కలుస్తుందో ఎవడు చూశాడు?"

విన్నావా? నీ వెండెల్‌ని చూసి టీవీలో నవ్వారు. మా ఆదెయ్యని చూసి యార్డులో నవ్వారు. నవ్వినవాళ్ళు హాయిగా ఉన్నారు. వాళ్ళ మీద వీళ్ళు చెయ్యెత్తలేరు, అందుకని మన మీద ఎత్తారు. దీన్ని నువ్వు అర్థం చేసుకోవడం అంటావు, నేను కొమ్ము కాయడం అంటాను. అవమానం జరిగితే జరిగిందనుకో, ఆ అవమానాన్ని తెచ్చి మా నాన్న మంచం మీద పడుకోబెడతాడా?

కరపత్రం గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. నువ్వేం బెంగ పెట్టుకోకు.

అస్లాం

*

టెక్సాస్
మార్చి 9

అస్లాం,

నీ కోపంలో తప్పు లేదురా. నేను కొమ్ము కాస్తున్నానేమోనని నాకూ అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. పొద్దున అనుమానం, మధ్యాహ్నానికి వెండెల్ మోకాలు. పని చేస్తున్నప్పుడు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, రెండు చేతులూ ఆయన కాలి మీద ఉంటాయి కదా.

రంజాను ఉపవాసాలు మొదలయ్యాయి. ఇక్కడ మట్టి గాలులు, పగలే దీపాలు పెట్టాల్సి వస్తోంది, నోరు ఎండిపోతోంది. నేను నీళ్ళు తాగకపోవడం చూసి వెండెల్ "నీళ్ళు కూడానా?" అన్నాడు. నెలంతా అన్నాను. మర్నాటి నుంచి తన కాఫీ కప్పు గది బయట కిటికీ గట్టు మీద పెట్టి వస్తున్నాడు.

అదే రోజు వెళ్తూ వెళ్తూ అన్నాడు, "నువ్వు వేరమ్మా. నీలాంటివాళ్ళతో మాకేం గొడవ?" అని. ఎందుకు దాచాలి, నాకు సంతోషం వేసింది. ఇంటికొచ్చి ఖర్జూరం నోట్లో వేసుకుంటుంటే నీ ఉత్తరంలో ఆదెయ్య పెదనాన్న మాట గుర్తొచ్చింది. బాషాని కాదురా అన్నాడు కదా. ఖర్జూరం మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఆస్పత్రి క్యాంటీన్లో భోజనం మాత్రం బాగుండటం లేదని అందరూ గొణుగుతున్నారు, వంటమనిషి రావడం లేదు. నాకెలాగూ ఉపవాసం కనుక ఇబ్బంది లేదు. మూడు వారాలుగా నిద్ర సరిగా పట్టడం లేదు, గాలి చప్పుడు.

రెండో కోత ఎక్కడ పోశారు? నాయనమ్మ మందులు వేసుకుంటోందా? నీ "ఆలోచిస్తున్నాను" అన్న మాట నాకు నచ్చలేదు. చిన్నప్పుడు మామిడికాయలు కోసేశాక కూడా నువ్వు అలాగే అనేవాడివి.

ఉజ్మా

*

ప్రత్తిపాడు పక్క ఊరు
మార్చి 19

అక్కా,

కరపత్రం వేశాను. నీకు పోయిన ఉత్తరం రాసేటప్పటికే అచ్చయి మంచం కింద ఉంది. పాలకేంద్రం గోడకి అంటించాను, టీ కొట్టులో పెట్టాను, ఇంటింటి గుమ్మంలో వేశాను. "మన నోటి కూడు లాగిన చేతులివి" అని పైన పెద్ద అక్షరాలు, కింద పేర్లు. మొదటి పేరు ఆదెయ్య, రెండోది వెంకటేశ్వరమ్మ.

ఏమైందో కూడా విను, నీకు సంతోషంగా ఉంటుంది.

వెంకటేశ్వరమ్మ పెద్దమ్మకి చదువు రాదు. గుమ్మంలో కాగితం తీసుకుని, ఏదో సభ అనుకుని, యలమందని చదవమంది. వాడు చదవనన్నాడు. పక్కింటి పిల్ల చదివింది. పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని మన వీధిలోకి వచ్చి నాయనమ్మ ముందు కూర్చుంది. "జైతున్‌బీ, నా పేరు కాగితంలో ఎక్కడం నా పెళ్ళి శుభలేఖ తర్వాత ఇదే" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే బాగుండేది. ప్రతి రంజానుకీ ఉపవాసం విడవడానికి ఆ ఇంటి నుంచి పుచ్చకాయ వచ్చేది కదా, ఈసారి రాలేదు.

చెయ్యెత్తకుండా ఊరుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళలో ఇమ్మానియేలు మాస్టారు ఆదెయ్యతో మాట్లాడి మెత్తబరుస్తున్నాడట. ఈ కాగితం చూశాక, "ఊరి ఆడదాని పేరు గోడకెక్కించినవాడి తరఫున నేనేం మాట్లాడను" అని తప్పుకున్నాడు. ఇప్పుడు ఊరంతా ఒకటైంది. నేనే ఒకటి చేశాను.

నాన్న కరపత్రాలన్నీ గోడల మీంచి గీకి తీసుకొచ్చాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నాయనమ్మ మాత్రం వదల్లేదు. "పత్తి ఏకిన ఇల్లురా మనది. ఏకడమంటే ముద్దని పోగులుగా విడదియ్యడం. నువ్వు బరబరా చింపావు. చింపిన పత్తి దిండుకి కూడా పనికిరాదు" అంది.

కానీ ఒకటి చెప్పు. నేను రాసిన దానిలో అబద్ధం ఏముంది? ఒక్క పేరు తప్పుందా? నిజం రాస్తే ఊరు మీద పడుతుందంటే ఇంక నిజాన్ని ఏం చేసుకోవాలి?

రెండో కోత కూడా రోడ్డు మీదే ఉంది.

అస్లాం

*

టెక్సాస్
మార్చి 23

ఒరేయ్,

పెద్దమ్మ పేరు వేశావట్రా? నేను బస్సులో వాంతి చేసుకుంటే తన కొంగుతో తుడిచిన మనిషి పేరు గోడకి అంటించావా? నువ్వు ఎదురుగా ఉంటే లాగి ఒక్కటిచ్చేదాన్ని. ఆమె చెయ్యెత్తడం తప్పు. తప్పే, నేను కాదనను. కానీ చెయ్యెత్తడం కాక ఆ మనిషి చేసినవి ఇంకేమీ లేవా? నీ కాగితంలో ఆమెకి ఒక చెయ్యే ఉంది. మిగతా ఒళ్ళంతా ఎక్కడ పెట్టావు?

సరే. తిట్టాను. ఇప్పుడు నేను దాచింది చెప్తాను.

క్యాంటీన్లో వంటమనిషి రావడం లేదని రాశాను కదా. ఆమె పేరు ఎల్వియా. మెక్సికో నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంది, ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టారు. ఫిబ్రవరిలో పనికి వస్తుంటే దారిలో ఆపి తీసుకెళ్ళారు. కాగితాలు లేవట. అప్పటి నుంచి నేను పాస్‌పోర్టు బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వెళ్తున్నాను. నావి సరైన కాగితాలే. అయినా కారు వెనకాల లైట్లు కనిపిస్తే బ్యాగు జిప్పు తెరిచి చెయ్యి లోపల పెట్టుకుంటాను. నిద్ర పట్టనిది గాలి చప్పుడుకి కాదు. చిన్నాన్నకి ఇదంతా చెప్పకు.

ఎల్వియా చేసే వంట తిననివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. వెండెల్ భార్య పోయినప్పుడు చర్చిలో దినం భోజనాలు చేసింది ఆమే. పోయిన వారం ఆయనకి సంగతి తెలిసింది. బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ, "మేమనుకుంది ఆమెని కాదు" అన్నాడు.

"మరెవరిని?" అన్నాను.

అంతే అడిగాను. ఆయన మోకాలు నా చేతుల్లో ఉంది, వంచుతూనే ఉన్నాను. ఆయన తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆయన ఎవరినో అనుకునే ఓటేశాడు, ఆ ‘ఎవరో’కి మొహం లేదు. ఫోన్లో వచ్చిన ఏదో ఊరు లాంటిదే అది. మొహం వచ్చేసరికి అది ఎల్వియా మొహం.

ఇక్కడితో కథ బాగుంది కదా? నీ పుస్తకాల్లో అయితే ఆయన గేటుకున్న బోర్డు పీకేస్తాడు. పీకలేదు. నిన్న అడిగితే, మళ్ళీ ఎన్నికలొస్తే అదే ఓటు వేస్తానని మొహం మీదే చెప్పాడు. కానీ సోమవారం నుంచి ఎల్వియా పిల్లలిద్దరినీ పక్క ఊరి బడికి తన బండిలో తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు. ఆ మోకాలితో బ్రేకు తొక్కకూడదు, నేను వద్దన్నా వినడు. ఓటు వేసిన చెయ్యీ స్టీరింగు పట్టిన చెయ్యీ ఒకే మనిషివని నమ్మడానికి నాకు కష్టంగానే ఉంది. నమ్మినంత మాత్రాన నా బ్యాగులో పాస్‌పోర్టు బయటికి రాదు కూడా. ఆయన్ని అర్థం చేసుకున్నాను, భయం తగ్గలేదు. రెండూ నిజమే.

నిజాన్ని ఏం చేసుకోవాలని అడిగావు. నాకు తెలియదురా. ఒకటి మాత్రం అనిపిస్తోంది. ఆ ఎత్తిన చేతిని దించమని బతిమాలుతూ కూర్చోకు, అది దిగదు. ఆ మనిషి రెండో చేతికి పనేదన్నా కనిపిస్తే చూడు.

పండక్కి పెద్దమ్మ ఇంటికి సేమ్యా పంపండి. నువ్వు పట్టుకెళ్ళు. నాయనమ్మని పంపి నువ్వు దాక్కోకు.

అక్క

*

ప్రత్తిపాడు పక్క ఊరు
ఏప్రిల్ 5, శనివారం

ఉజ్మక్కా,

ఈ ఉత్తరం తొందరగా రాస్తున్నాను. పడమట మబ్బు పట్టింది. రేపు సాయంత్రం నుంచి గాలివాన అని టీవీలో చెబుతున్నారు, వడగళ్ళు పడొచ్చంటున్నారు.

పండగ రోజు సేమ్యా గిన్నె పట్టుకుని వెళ్ళాను. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. "కాగితంలో ఎక్కించినోడివి, గిన్నె కూడా గోడకే అంటించిపో" అంది.

"తప్పయింది పెద్దమ్మా. నీ పేరు వెయ్యకుండా ఉండాల్సింది."

"పేరుకేం గానీ, చెయ్యెత్తిన మాట నిజమే కదరా. మీ పెదనాన్న మోచేత్తో ఒక పోటు పొడిచాడు, ఎత్తా. ఎత్తినాక దించుదామంటే అందరూ చూస్తన్నారు. ఎత్తడం తేలికరా, దించడమే కష్టం" అంది. గిన్నె లోపలికి తీసుకెళ్ళింది. కడిగి తెచ్చి ఇచ్చింది. అందులో నాలుగు నిమ్మకాయలున్నాయి. ఖాళీ గిన్నె తిరిగివ్వలేదక్కా. నేను కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూడలేదు, చూస్తే ఇంకో మాట అనేది.

పెదనాన్న లోపలే ఉన్నాడు. బయటికి రాలేదు. సేమ్యా తిన్నాడో లేదో తెలియదు.

నిన్న సాయంత్రం కల్లం వైపు వెళ్ళాను. చెయ్యెత్తిన మీటింగ్ తర్వాత అటు అడుగు పెట్టలేదు, పౌరుషం. ఊరి మూడో కోత మొత్తం అక్కడే ఉంది, నేలంతా ఎర్రగా. అక్కా, తూర్పు మూల ఖాళీగా ఉంది. చోటు చాలక ఒకళ్ళ రాశిలోకి ఒకళ్ళు ఒరుసుకుని పోసుకున్నారు గానీ మన మూలలో ఒక్క కాయ లేదు. మా నాన్న మంచం కాళ్ళు దిగిన గుంటలు అలాగే ఉన్నాయి. ఎవరు వదిలేశారో, ఎందుకు వదిలేశారో నేను అడగలేదు. నీ ఉత్తరాలు రాకపోతే భయపడి వదిలారనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియక చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

పట్టాలు ఎలా ఉన్నాయో చూశాను. ఊరికే కప్పి పైన నాలుగు రాళ్ళు పెట్టారు. గాలికి లేచిపోతాయి. తాడు అడ్డంగా వేసి, మేకులు కొట్టి, నీళ్ళు పోయేట్టు చుట్టూ గాడి తీసేది మా నాన్న. ఆ పని ఆయనదని ఊరు అలవాటు పడింది. ఆయన్ని తీసేస్తే ఆ పని ఎవరిదో మీటింగ్‌లో ఎవడూ చెయ్యెత్తలేదు.

పెదనాన్న అక్కడే ఉన్నాడు. తన రాశి చుట్టూ తిరుగుతూ మబ్బు చూస్తున్నాడు. నన్ను చూసి, "మీ నాన్న ఏం చేస్తున్నాడ్రా?" అన్నాడు.

"డాబా మీద కాయలు కప్పుకుంటున్నాడు, పెదనాన్నా."

రమ్మని అనలేదు. అనడానికి నోరు రాదు ఆయనకి, ఊరందరి ముందూ తనే అన్న మాట. నేనూ అడగలేదు. ఇద్దరం కాసేపు ఒకే మబ్బు చూశాం.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఇన్ని రోజుల తర్వాత నోరు తెరిచాడు. "వాన చుక్క పడితే ముందు పక్కవాడి రాశి కప్పి తర్వాత మనది. కల్లం మీద అది ధర్మం. వాళ్ళు మన మూల తీసేశారు గానీ ధర్మం తీసెయ్యలేదుగా" అన్నాడు. తాళ్ళు, మేకులు బయటికి తీశాడు.

ఆ మాట పట్టుకునే పొద్దున మన వీధిలో ఇంటింటికీ తిరిగాను. అమానుల్లా బాబాయి, "తరిమినవాళ్ళ కాయలు కప్పడానికి మనకేం ఖర్మరా?" అన్నాడు. ఆయన్ని అర్థం చేసుకోవడం పెదనాన్నని అర్థం చేసుకోవడం కంటే కష్టమైంది నాకు. నిన్నటిదాకా నేనూ అదే మాట కదా. చివరికి, మా మూడో కోత కూడా ట్రాలీలో వేసుకెళ్తున్నామని చెప్పాక తాడు భుజాన వేసుకున్నాడు. అవునక్కా, నేనేం మారిపోలేదు. ముందు వాళ్ళవన్నీ కప్పుతాం. ఆ తర్వాత మా కాయలు మా మూలలో దించి పైన పట్టా కప్పుతాం. వాన వెలిశాక అందరితో పాటే పట్టా తీసి ఆరబోస్తాం. తన రాశి మీద మేము కట్టిన తాడు ఉండగా మా రాశి తియ్యమని ఎవడనగలడో చూస్తాను.

అనగలరు. అది నాకు తెలుసు. పెదనాన్నే అనగలడు. యలమందకి చెప్పాను, వస్తావా అని. "నాన్న ఉంటాడ్రా అక్కడ" అన్నాడు. "అందుకే రమ్మంటున్నా. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచుకో, రెండోది తీసుకురా" అన్నాను. నవ్వలేదు. రానని కూడా అనలేదు.

మూడో కోత కూడా పోతే ఇక ఏం మిగలదు, ఆ కాయల్ని నేనే గొడవ మధ్యలోకి తీసుకెళ్తున్నాను. నాన్న సరేనన్నాడు గానీ చుట్టిన తాడునే విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

కొత్త కాగితం చేత్తో రాసి పాలకేంద్రం గోడకి అంటించాను. ఇందులో ఎవరి పేరూ లేదు. నీకూ ఇదే:

"ఊరి రైతులారా, కౌలు రైతులారా, చెయ్యెత్తినవాళ్ళు, ఎత్తనివాళ్ళు, ఎత్తి దించలేకపోయినవాళ్ళు. గాలివాన వస్తోంది. పొలం ఉన్న కాయకీ కౌలు కాయకీ వాన తేడా చూడదు. రేపు ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు కల్లం దగ్గరికి రండి. పట్టాలు, తాళ్ళు తెచ్చుకోండి. తూర్పు మూల పక్కనుంచి మొదలుపెడతాం. పక్కవాడి రాశి ముందు."

మీకు అప్పటికి తెల్లవారుజాము అవుతుంది. మేలుకుని ఉండు. మా నాలుగింటికి.

నీ తమ్ముడు
అస్లాం